అందరూ తిరిగొచ్చేదాకా

పెద్దాయన బల్ల మీద ఫోటో పెట్టలేదు, మ్యాపు పరచలేదు. ఒక చిన్న కాగితం మీద మూడు అంకెలు రాసి, తాళం అనే మనిషి ముందుకు తోశాడు. 37. 3.15. 4.00.

"గుర్తుంటుందా?"

"ఉంటుంది సార్."

కాగితం నీళ్ళ గ్లాసులో పడి అర నిమిషంలో కరిగిపోయింది. పెద్దాయన ఆ గ్లాసును మర్చిపోయి తాగేస్తాడేమోనని తాళానికి ఎప్పుడూ భయం. ఒకసారి తాగాడు కూడా.

సంస్థలో అతన్ని అందరూ తాళం అనే పిలుస్తారు. ముద్దుగా పెట్టిన పేరు కాదు. ఎందుకు పెట్టారో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెబుతారు, అతను గదిలో లేనప్పుడు.

పని ఏమిటో పెద్దాయన పొడి మాటల్లో చెప్పాడు. పరాయి దేశపు గూఢచారుల ముఠా, రింగ్ ఒకటి సంస్థ ఏజెంట్ల ఫోటోలు దొంగిలించింది. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న ముప్పై ఏడు మందివి. వీధి కెమెరాలకు చిక్కిన లక్షల ముఖాలతో ఆ ఫోటోలను పోల్చి, ఎవరు ఇవాళ ఏ ఇంట్లో ఉన్నారో కనిపెట్టే పనిని ఒక డేటా సెంటర్‌లోని యంత్రాలకు అప్పగించింది. బ్యాచ్ జాబ్. పని మొత్తం గంపగుత్తగా ఇచ్చి వచ్చేస్తే యంత్రాలు తమ మానాన తాము చేసుకుపోయి, చివరికి ఫలితాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెడతాయి. నాలుగు రోజులుగా నడుస్తున్న ఆ జాబ్ రేపు మధ్యాహ్నం మూడుంబావుకు పూర్తవుతుంది. మనిషికొక ఫైలు, మొత్తం ముప్పై ఏడు. సరిగ్గా నాలుగింటికి ఆ ఫోల్డర్ కొనుగోలుదారుడికి తెరుచుకుంటుంది. ఆ సాయంత్రమే ముప్పై ఏడు తలుపుల ముందు ఎవరో వచ్చి నిలబడతారు.

వెళ్ళి తుడిచేస్తే సరిపోదా అని తాళం అడిగాడు. సరిపోదన్నాడు పెద్దాయన. ఆ ఏజెంట్లు జాగ్రత్త కోసం ఇళ్ళు మారుస్తూ ఉంటారు. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో సంస్థకే తెలియదు, రింగ్‌కు మాత్రం రేపు తెలుస్తుంది. తుడిచేస్తే రింగ్ ఆ జాబ్‌ను మళ్ళీ నడుపుతుంది, ఇంకో నాలుగు రోజులు పడుతుంది, అంతే. అందుకని ముందు ఫలితాలు డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆ తర్వాతే తుడవాలి. చిరునామాలు చేతికొస్తే ఆ నాలుగు రోజుల్లో అందరినీ వెనక్కి పిలిపించవచ్చు.

గత నాలుగు రోజులుగా తనను ఒక ఏసీ మెకానిక్ పక్కన ఎందుకు కూర్చోబెట్టారో తాళానికి అప్పుడు అర్థమైంది.

"లోపల మన మనిషి ఎవరు సార్?"

"మీ అక్క."

తాళం గుండె కొంచెం కుదుటపడింది.

ఆమె అతనికి తోడబుట్టిన అక్క కాదు. ట్రైనింగ్‌లో ప్రోగ్రామింగ్ నేర్పిన సీనియర్. క్లాసులో మొదటి రోజే, "నన్ను మేడమ్ అంటే ముసలిదాన్నయిపోతాను, అక్కా అనండి చాలు," అంది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేంత అందం. మెడలో ఎప్పుడూ ఒక పట్టు స్కార్ఫ్, ఎవరినీ నొప్పించని నవ్వు. మూడేళ్ళుగా ఆమె రింగ్‌లోనే ఉంది, వాళ్ళ మనిషిలా తిరుగుతూ. వాళ్ళు ఏం తింటారో, ఎవరిని నమ్ముతారో అన్నీ ఆమె ద్వారానే సంస్థకు చేరేవి.

థ్రెడ్ల గురించి అతనికి చెప్పింది కూడా ఆమే. పెద్ద పెద్ద ఫైళ్ళను ఒకదాని తర్వాత ఒకటి దింపుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని ప్రోగ్రామ్ వెనకాల నలుగురు కూలీలను పెట్టుకుంటుంది. ఆ కూలీలే థ్రెడ్లు, ముందున్న మెయిన్ ప్రోగ్రామ్ మేస్త్రీ. నలుగురూ నాలుగు ఫైళ్ళు మోసుకొస్తుంటే మేస్త్రీ వేరే పని చూసుకోవచ్చు. చిక్కల్లా ఒక్కచోటే. తెచ్చింది రాసుకునే జాబితా ఒక్కటి. ఇద్దరు ఒకేసారి కలం పెడితే ఒకరి పేరు పక్కన ఇంకొకరి చిరునామా పడుతుంది. అలా కాకుండా జాబితాకు లాక్ వేస్తారు. ఒకరు రాస్తున్నంతసేపూ మిగతావాళ్ళు ఆగాలి.

ఆరేళ్ళ కిందట తాళం రాసిన ప్రోగ్రామ్‌లో ఆ లాక్ లేదు. ఎంక్వైరీ తేల్చింది అదే. వేసినట్టు అతనికి బాగా గుర్తు. కానీ కాగితం మీద లేనిదాన్ని గుర్తుందంటే వినేదెవరు? ఆ జాబితాలో కొన్ని మనవాళ్ళ ఇళ్ళు, కొన్ని శత్రువుల ఇళ్ళు. రెండు వరుసలు తారుమారయ్యాయి. అతని తమ్ముడు, ఇంట్లో చిన్నోడు, అన్నను చూసి అదే సంస్థలో చేరినవాడు, తన పేరు పక్కన ఉన్న చిరునామాకు వెళ్ళి తలుపు తట్టాడు. మళ్ళీ తిరిగి రాలేదు.

ఎంక్వైరీలో తాళం పక్కన నిలబడింది అక్క ఒక్కతే. పిల్లాడు తెలియక చేశాడు, ఉద్యోగం తీసేయొద్దని బతిమాలింది. ఏటా చిన్నోడు పోయిన రోజున ఇంటికి వచ్చి, అమ్మ పక్కన గంటసేపు ఊరికే కూర్చుని వెళ్ళేది. ఆ ఒక్కరోజే అమ్మ కాస్త మాట్లాడేది. మిగతా రోజుల్లో అన్నం తిన్నావా, గొడుగు తీసుకెళ్ళు, అంతే. ఆరేళ్ళలో తాళంతో అమ్మ చిన్నోడి ఊసు ఎత్తలేదు. ఆఫీసులో ఏదో పొరపాటు జరిగిందని ఆమెకు తెలుసు. ఎవరిదో కూడా తెలుసు.

*

మర్నాడు రెండున్నరకు తాళం నీలం యూనిఫారంలో, భుజాన టూల్‌బాక్స్‌తో డేటా సెంటర్ గేటు ముందు దిగాడు. వెంట ఇద్దరు హెల్పర్లు, ఒక కంప్రెసర్ పెట్టె. హెల్పర్లు సంస్థ మనుషులే. కాపలా మనిషి గేట్ పాస్ చూస్తూ, లోపల డబ్బాలకు చలి పుట్టించాలట, బయట మనిషికి చెమట పడితే ఎవరికీ పట్టదట అని సణిగాడు. వెళ్ళేటప్పుడు తన గదిలోకి కూడా ఓ చల్లటి గొట్టం లాగిపొమ్మన్నాడు. చూద్దాం అన్నాడు తాళం.

హెల్పర్లు మెట్ల దగ్గర పెట్టె దించి కూర్చున్నారు. మూడో అంతస్తు నడవాలో హీల్స్ చప్పుడు. పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు. జాబ్ ఇచ్చినవాళ్ళ తరఫున వచ్చిన ప్రతినిధిగా అక్కడ ఆమెకు పెద్ద మర్యాద.

"గ్యాస్ తగ్గిందా, కంప్రెసర్ పోయిందా?"

"రెండూ కాదు మేడమ్. ఫిల్టర్ మూసుకుపోయింది."

కోడ్ కలిసింది. ఆమె తన కార్డుతో సర్వర్ గది తలుపు తెరిచింది. లిప్‌స్టిక్ ఒకటి అతని చేతిలో పెట్టింది. మూత తీస్తే అందులో పెన్ డ్రైవ్.

"నువ్వు రాసింది వాడకు తమ్ముడూ. ఇది వాడు, నేనే రాశాను. ఇంకోసారి నువ్వు కుమిలిపోవడం నేను చూడలేను."

తాళం తల ఊపాడు.

గది ఎముకలు కొరికే చలి. వరసగా నల్లటి బీరువాలు, వాటి నిండా మిణుకుమిణుకుమనే చిన్న దీపాలు, చెవులు దిబ్బళ్ళు పడేంత ఫ్యాన్ల హోరు. తాళం టూల్‌బాక్స్ తెరిచాడు. మూత లోపలి వైపు తెర, రెంచీల కింద కీబోర్డు. దాని తీగను ఒక సర్వర్ బీరువాకు తగిలించాడు. రెండు ముళ్ళున్న గ్యాస్ గేజీని గోడ మీది ఏసీ పైపుకు తగిలించాడు. చూసేవాళ్ళకు అది గ్యాస్ కొలిచే గేజీ. నిజానికి ఎడమ ముల్లు దిగిన ఫైళ్ళను, కుడి ముల్లు చెడిన ఫైళ్ళను చూపిస్తాయి.

మూడుంబావుకు జాబ్ పూర్తయింది. అక్క మాట కాదనలేక ముందు ఆమె ప్రోగ్రామ్ నడిపాడు. పద్దెనిమిది నిమిషాల్లో ముప్పై ఏడు ఫైళ్ళూ దిగాయి, జాబితా తయారైంది. సర్వర్‌లో ఉన్నవి తుడిచేసి బయటపడాలి, ప్లాను ప్రకారం అంతే.

తుడిచేవాడే. కానీ ఆరేళ్ళుగా అతనికో అలవాటుంది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. ఏది డౌన్‌లోడ్ చేసినా రెండుసార్లు చేస్తాడు, వేర్వేరు ఫోల్డర్లలోకి. రెంటినీ పక్కపక్కన పెట్టి వరుస వరుసా సరిచూస్తాడు. గ్యాస్ స్టవ్ ఆపామో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనుషులుంటారే, ఆ బాపతు.

మూడు ముప్పై నాలుగుకు తన ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. దానికి అనుమానం ఎక్కువ. ఒక్కో ఫైలు దిగాక, సరిగా దిగిందా అని సర్వర్‌ను మళ్ళీ అడుగుతుంది. అందుకే నెమ్మది. అది వెనకాల తన నలుగురు కూలీలతో పని చేసుకుంటూ ఉంటే, ముందు తెర మీద ఒక్కో వరుసనూ అక్క జాబితాతో పోలుస్తూ కూర్చున్నాడు.

పన్నెండో వరుస కలవలేదు.

రేవు పట్నంలో ఉండే డాక్టరమ్మ. అక్క జాబితాలో ఆమెకు ఒక చిరునామా, తన జాబితాలో ఇంకొకటి. తాళం ఆ వరుసను ఇంకోసారి చదివాడు. మళ్ళీ తనే ఏదో చేశాడనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అలవాటైపోయింది. దిగిన ఫైలునే నేరుగా తెరిచి చూశాడు. డాక్టరమ్మ ఫోటో, కింద చిరునామా. తన జాబితాలోదే సరైనది. అక్క జాబితాలో ఆమె పేరు పక్కన ఉన్నది ఇరవై తొమ్మిదో వరుసలోని నావికుడి ఇల్లు.

అంటే లాక్ వేయడం అక్క కూడా మర్చిపోయిందా? ఆ ఊహ వచ్చినప్పుడు అతనికి కలిగింది ఒకరకమైన ఊరట. అంతటిదే పొరపడితే తనెంత. కానీ చేతులు అలవాటు కొద్దీ తమ పని తాము చేశాయి. అప్పటికే దిగి ఉన్న ఫైళ్ళ మీద అక్క ప్రోగ్రామ్‌ను మళ్ళీ నడిపాడు. అర నిమిషం. పన్నెండు, ఇరవై తొమ్మిది. ఇంకోసారి. పన్నెండు, ఇరవై తొమ్మిది. మూడోసారి కూడా అవే.

లాక్ లేని చోట ఇద్దరు కూలీలు గుద్దుకోవడం ఎవరూ ముందుగా చెప్పలేని సంగతి. ఒకసారి ఐదూ ఆరూ, ఇంకోసారి ఇరవయ్యీ ముప్పయ్యీ, మరోసారి అసలేమీ కాకపోవచ్చు. పొరపాటుకు అంత జ్ఞాపకశక్తి ఉండదు. ప్రతిసారీ అవే రెండు వరుసలను మార్చగలిగేది మనిషి ఒక్కడే.

డాక్టరమ్మ ఎవరో అతనికి తెలుసు. చిన్నోడిని చివరిసారిగా ప్రాణంతో చూసింది ఆమే. కబురు నావికుడి ఇంటికి పోతుంది. ఆమె ఏమీ తెలియక, నాలుగు రోజుల తర్వాత రింగ్ మనుషులు వచ్చేదాకా తన ఇంట్లోనే ఉంటుంది.

అప్పుడు ఆరేళ్ళ నాటి ఎంక్వైరీ గది కళ్ళ ముందు నిలిచింది. ఆ రోజు తన ప్రోగ్రామ్‌ను ఒక్కసారే నడిపి చూశారు. రెండోసారి నడుపుదామని ఎవరో అన్నారు కూడా. వద్దన్నది అక్క. పిల్లాడి గాయాన్ని మళ్ళీ కెలకొద్దంది. ఆ మాటకు ఆ రోజు అతను కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ప్రోగ్రామ్ బయటికి వెళ్ళేముందు చివరిసారి సరిచూసింది కూడా ఆమే.

మూడు యాభై రెండయింది. గేజీ ఎడమ ముల్లు ముప్పై ఒకటి దగ్గరుంది.

తలుపు తెరుచుకుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం?" అక్క లోపలికొచ్చి తెర మీద పక్కపక్కన ఉన్న రెండు జాబితాలనూ చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోలేదు. కొంచెం అలసిపోయిందంతే. "రెండుసార్లు దింపుతావన్నమాట. నేను నేర్పలేదే ఇది."

"నేర్పలేదు."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు తీసి అతని వైపు పట్టుకుంది. ఎడమ చేత్తో కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. అతని ప్రోగ్రామ్ విండో మూసుకుపోయింది. తెర నల్లబడింది.

"పోయింది. మేస్త్రీ పోతే కూలీలూ పోతారు. ఇది మాత్రం నేనే నేర్పాను, గుర్తుందా?"

గుర్తుంది. పట్టుబడితే మూత మూసేయండి, మెయిన్ ప్రోగ్రామ్ ఆగిన క్షణమే వెనకాల థ్రెడ్లన్నీ ఎక్కడివక్కడ చచ్చిపోయేలా రాసుకోండి, ఆనవాలు మిగలకూడదు అని క్లాసులో చెప్పింది. ఇప్పుడు సర్వర్‌లోని ఫలితాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకో ఎనిమిది నిమిషాల్లో కొనుగోలుదారుడికి తలుపు తెరుచుకుంటుంది. ఆమె అలా అనుకుంది.

తాళం ఆమె భుజం మీదుగా ఏసీ పైపు వైపు చూశాడు. ముల్లు ముప్పై రెండు మీదికి జరిగింది.

"డాక్టరమ్మకు నీ గురించి ఏం తెలుసు అక్కా?"

"మీ చిన్నోడు చెప్పిందేదో తెలుసు. ఎంత తెలుసో నాకు తెలియదు. అదే నా బాధ."

"వాడు నిన్నెక్కడ చూశాడు?"

"చూడకూడని చోట. చూడకూడని వాళ్ళతో." ఆమె నిట్టూర్చింది. "మంచి పిల్లాడు. నేనేదో రహస్య పని మీద వచ్చాననుకుని కన్నుగీటి వెళ్ళిపోయాడు. వారం తర్వాతైనా ఆలోచనలో పడతాడు కదా."

ముప్పై మూడు. ముప్పై నాలుగు.

"నేను లాక్ వేశానా?"

ఆ ప్రశ్న ఆమె ఊహించింది కాదు.

"వేశావు. చక్కగా వేశావు. నేనే దాన్ని తీసేసి, ఆ రెండు వరుసలూ మార్చాను."

ఆరేళ్ళుగా అతను ఆ మాట కోసమే బతికాడు. ఎవరో ఒకరు ఏదో ఒకరోజు వచ్చి, నువ్వు వేశావురా అంటే చాలనుకున్నాడు. అది ఈ నోటి నుంచి వస్తుందనుకోలేదు.

"ఎంక్వైరీలో నా పక్కన నిలబడ్డావు."

"నీ ఉద్యోగం పోతే నువ్వు ఊరుకునేవాడివి కాదు, తవ్వుకుంటూ కూర్చునేవాడివి. లోపల ఉంచితే తల దించుకుని ఉంటావు. ఉన్నావు." ఆమె గొంతు తగ్గింది. "నువ్వంటే ప్రేమ లేక కాదు తమ్ముడూ. అది కూడా ఉంది."

"మా అమ్మ పక్కన ఎందుకు కూర్చున్నావు?"

ఆమె స్కార్ఫ్ సర్దుకుంది. ఫ్యాన్ల హోరులో ఒక నిమిషం గడిచింది. ముప్పై ఆరు దగ్గర ముల్లు ఆగి వణికింది. కుడి ముల్లు ఒక గీత పైకి లేచింది. ఏదో ఫైలు సరిగా దిగలేదు. ప్రోగ్రామ్ మళ్ళీ దింపుతుంది. దింపాలి. మూడు యాభై ఎనిమిది.

"దేని మీదా చెయ్యి వేయకుండా నడువు. వెనక మెట్ల మీదుగా పోదాం," అంది ఆమె.

తాళం కదల్లేదు. "చిన్నోడు పోయాక నువ్వు నేర్పినదాంట్లో ఒకటి మార్చుకున్నాను అక్కా."

"ఏమిటి?"

"మేస్త్రీ పోయినా నా కూలీలు పని వదలరు. పంపినవాళ్ళందరూ తిరిగొచ్చేదాకా ప్రోగ్రామ్ బతికే ఉంటుంది. ముప్పై ఏడుకు ముప్పై ఏడూ వచ్చాయని చూసుకున్నాక అక్కడ తుడుస్తుంది. ఆ తర్వాతే తలుపు వేసుకుంటుంది. నువ్వు మూసింది కిటికీ ఒక్కటే."

ఆమె అతని చూపును పట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. పైపు మీద ముల్లు ముప్పై ఏడు మీద నిలబడింది. గేజీ మధ్యలో చిన్న పచ్చ దీపం వెలిగి, ఒకసారి కూసింది. గోడ గడియారంలో నాలుగు కావడానికి ఇంకా పదకొండు సెకన్లు. కొనుగోలుదారుడికి తెరుచుకోబోయేది ఖాళీ ఫోల్డర్.

"మెట్ల మీద ఇద్దరున్నారు. వాళ్ళ దగ్గర కూడా ఇదే కూసి ఉంటుంది," అన్నాడు తాళం.

నడవాలో బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె పిస్తోలు వంక, అతని వంక చూసింది. కాలుస్తుందనే అనుకున్నాడు తాళం. ఆమె దాన్ని టూల్‌బాక్స్‌లో రెంచీల మధ్య పెట్టి, పౌడర్ డబ్బా తెరిచి అద్దంలో ముఖం చూసుకుంది.

"మంచి విద్యార్థివి," అంది.

*

ముప్పై ఏడు కబుర్లూ ఐదున్నరకల్లా వెళ్ళాయి. డాక్టరమ్మకు మొదట. పెద్దాయన తన గదిలో తాళాన్ని కూర్చోమని, ఎంక్వైరీ ఫైలు తిరగరాయిస్తానన్నాడు. ఆమె మీద ఏడాదిగా అనుమానం ఉందని, అందుకే అతన్ని పంపానని చెప్పాడు. ముందే చెప్పి ఉంటే అతని ముఖం చూసి ఆమె పసిగట్టేదట.

"ఏడాదిగానా సార్?"

"అనుమానమే. రుజువు లేదు."

"ఈ ఏడు కూడా మా ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుంది సార్."

పెద్దాయన నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే దించాడు. తాళం లేచి వచ్చేశాడు. బట్టలు మార్చుకోవడం కూడా గుర్తు లేదు.

ఇంటికి చేరేసరికి ఆరున్నర. అమ్మ తలుపు తీసి, నీలం యూనిఫారాన్నీ భుజాన టూల్‌బాక్స్‌నూ పైనుంచి కిందికి చూసింది. ఆఫీసు పనుల గురించి ఇంట్లో చెప్పకూడదని రూలు. తాళం ఆ రూలును గుమ్మంలోనే చెప్పులతో పాటు విడిచాడు.

"అమ్మా, అప్పుడు జరిగింది నా పొరపాటు కాదట. ఇవాళ తేలింది."

ఆమె టూల్‌బాక్స్ అందుకుని కింద పెట్టింది. "ఎవరిదో తేలిందా?" అంది.

"తేలింది."

ఆమె ఎవరని అడగలేదు. అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఆ అమ్మాయి వచ్చే ఏడు వస్తుందా?"

"రాదమ్మా."

ఆమెకు అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లోకి కాదు. నడవా చివర, ఆరేళ్ళుగా మూసి ఉన్న గది ముందు ఆగి, గొళ్ళెం తీసింది. స్విచ్ వేసిన చప్పుడు వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు.

"ఊళ్ళోవాళ్ళవన్నీ బాగుచేసి వస్తున్నట్టున్నావు," అంది అమ్మ లోపల్నుంచి. "చిన్నోడి గదిలో ఫ్యాన్ తిరగట్లేదు. వచ్చి చూడు."

తాళం స్టూలు వేసుకుని ఎక్కాడు. అమ్మ కింద స్టూలును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. సంస్థ అతనికి ఏసీల గురించి నాలుగు రోజులు శిక్షణ ఇచ్చింది. ఫ్యాన్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.